పగలంతా ఈ పరుపు ఎక్కడుండాలి?

బుద్ధెరిగిన నాటి నుంచి నేను దుప్పటి మడతపెట్టి ఎరగను. పాలకొల్లులో ఉన్నన్నాళ్ళు అమ్మ పెట్టింది, హాస్టల్లో ఎవరూ పెట్టలేదు, పెళ్ళయ్యాక మా ఆవిడ పెడుతోంది. ఇంగ్లండ్ వచ్చి రెడింగ్‌లో ఇల్లు కొనుక్కున్నా ఈ ఏర్పాటేమీ మారలేదు. ఆఫీసులో ఆడా మగా సమానత్వం మీద శిక్షణ తరగతి పెట్టినప్పుడల్లా ముందు వరసలో కూర్చుని తలూపుతాను. ఇంటికొచ్చి, ఆవిడ మడతపెట్టిన దుప్పటి మీద కూర్చుని టీవీ చూస్తాను. అలాంటివాణ్ణి, సెకండ్‌హ్యాండ్ క్యాంపర్ వ్యాను కొనాలన్న ఉబలాటంలో ఒక మాట జారాను: "పక్క వేయడం, తీయడం పూర్తిగా నా పని. నువ్వు కాలు మీద కాలేసుకుని కూర్చో."

మా ఆవిడ మంచి జ్ఞాపకశక్తి ఉన్న మనిషి.

బండి ఫోక్స్‌వ్యాగన్ ట్రాన్స్‌పోర్టర్, అందులో పొట్టి రకం. ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు 4.9 మీటర్లు. అందులో ముందు భాగం ఇంజనూ, స్టీరింగూ తినేయగా మిగిలింది మా సంసారం. ఒక పక్కన పొడుగ్గా బీరువాలు, వాటి పైన రెండు పొయ్యిలు, చిన్న సింకు. రెండో పక్కన ఇద్దరు కూర్చునే సీటు. పైకి లేచే కప్పు. "హోటళ్ళ ఖర్చు కలిసొస్తుందోయ్" అని వాదించి కొన్నాను. ఆ డబ్బుతో మంచి హోటల్లో ఎన్ని రాత్రులు పడుకోవచ్చో ఆవిడ కాగితం మీద లెక్క వేసింది. వచ్చిన అంకె మాత్రం నాకు చెప్పలేదు. ఆ మాత్రం దయ ఉంది.

ఈ పిచ్చి నాతో మొదలైంది కాదు లెండి. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ వ్యాను 1950లో వస్తే, మరుసటి ఏడాదే జర్మనీలో వెస్ట్‌ఫాలియా వాళ్ళు దానికోసం 'క్యాంపింగ్ బాక్స్' తయారుచేశారు. వారమంతా సరుకు మోసిన బండిలో శని, ఆదివారాలు ఆ సామాను పెట్టుకుని ఊరేగడం, సోమవారం తీసేసి మళ్ళీ సరుకెత్తడం. ఆ దశాబ్దంలోనే ఇంగ్లండులోని ఫోక్‌స్టోన్‌లో మార్టిన్ వాల్టర్ కంపెనీ, సీట్లు వాలిస్తే మంచమైపోయే డోర్మొబైల్ బండ్లు చేసి అమ్మింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఇంజన్లు మారాయి, ఫ్రిజ్‌లొచ్చాయి, కప్పు మీదికి సోలార్ పలకలొచ్చాయి. రాత్రి కప్పుకున్నదాన్ని పగలు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న మాత్రం ఏ ఇంజనీరూ ముట్టుకోలేదు. నాలాంటివాడికి వదిలేశారు.

మా సీటును ఇక్కడ 'రాక్ అండ్ రోల్ బెడ్' అంటారు. పేరు చూసి ఏదో హుషారైన వస్తువనుకోకండి. సీటును ముందుకు గుంజి, వీపు భాగాన్ని వెనక్కి వాలిస్తే రెండూ కలిసి పడకవుతాయి. ఈ దేశంలో ఇలాంటి బండిని మోటార్ క్యారవాన్‌గా నమోదు చేయించాలంటే డీవీఎల్‌ఏ అనే ప్రభుత్వ శాఖ కొన్ని సంగతులు అడుగుతుంది. అందులో ఒకటి, పడక ఉండాలని. వెడల్పు విషయం భార్యాభర్తల సామరస్యానికి వదిలేసింది. మా పడక వెడల్పు 112 సెంటీమీటర్లు. ఇక్కడి దుకాణాల్లో సింగిల్ బెడ్ షీటు 90కి, స్మాల్ డబుల్ 120కి, డబుల్ 135కి కుడతారు. నూట పన్నెండుకి ఎవరూ కుట్టరు. మూడూ కొన్నాను. ఒకటి చాలలేదు, ఒకటి వదులు, మూడోదాన్ని ఇప్పుడు కారు తుడవడానికి వాడుతున్నాను.

అసలు కిటుకు సీటు కింద ఉంది. అక్కడొక పెద్ద అర ఉంటుంది. దిండ్లు, దుప్పట్లు పెట్టుకోవడానికి దేవుడిచ్చిన చోటు అనిపిస్తుంది చూడగానే. నేనూ మురిసిపోయి అన్నీ అందులో కుక్కాను. ఆ అర తలుపు సీటు పైకెత్తితే తెరుచుకుంటుంది. సీటు పడకగా మారాక పైకి లేవదు. అంటే దిండు తీయకుండా మంచం వాల్చామా, దిండు మంచం కింద, మనం మంచం మీద. దిండు కావాలంటే పరిచినదంతా తీసి, మంచాన్ని మళ్ళీ సీటు చేసి, సీటెత్తి, దిండు తీసి, మళ్ళీ మొదటికి రావాలి. తలకింద స్వెటరు చుట్టి పెట్టుకుని, "దిండు లేకుండా పడుకుంటే మెడకి మంచిదట" అని మా ఆవిడకి వైద్యం చెప్పిన రాత్రులున్నాయి. ఆవిడ ఫార్మసిస్టు. ఏమీ అనలేదు.

ఇంట్లో అయితే మంచం చుట్టూ తిరుగుతూ పక్క వేస్తాం. వ్యానులో మంచం చుట్టూ అంటే బండి బయట. ఏది పరవాలో దాని మీదే మోకాళ్ళేసుకుని కూర్చుని, దాన్నే మన కిందనుంచి లాగాలి. ఎలాస్టిక్ ఉన్న షీటు మరీ పాపిష్టిది. తలవైపు రెండు మూలలూ తొడిగి, పాకుతూ కాళ్ళవైపుకొచ్చి మూడోది తొడిగేసరికి మొదటిది టప్పున ఊడుతుంది. నాలుగో మూల బీరువా వైపు. పరుపుకీ బీరువాకీ మధ్య రెండు వేళ్ళ సందు, ఆ సందులో బీరువా అంచుకి కొట్టిన అల్యూమినియం పట్టీ. చెయ్యి లోపలికి దూరుతుంది. బయటికొచ్చేటప్పుడు వేళ్ళ కణుపుల మీది తోలు అక్కడ అద్దెకుంచి రావాలి. నొప్పికి ఉలిక్కిపడి లేస్తే నెత్తి కప్పుకి తగులుతుంది. కప్పు పైకెత్తి ఉంచితే తగలదు కదా అని మీకనిపిస్తే, గాలివానలో దాన్ని ఎత్తి చూడండి.

స్కాట్లండ్ వెళ్ళినప్పుడు నా పరువు మరో మెట్టు దిగింది. బేలాఖ్ నా బా అని 626 మీటర్ల ఎత్తున్న కనుమ దాటి ఆపిల్‌క్రాస్ దిగాం. సముద్రం, కొండ, జూన్ సాయంత్రం, రాత్రి పదింటికి కూడా వెలుతురు. అక్కడ వేసవిలో మిడ్జ్‌లని కంటికి ఆనని పురుగులుంటాయి. మన దోమల్లాగే వాటిలోనూ కుట్టేవి ఆడవే. గాలి నిలిచిందంటే మబ్బుగా కమ్ముకుంటాయి. తలుపు తీసే ప్రసక్తే లేదు. ఇద్దరం లోపలే ఉండి పక్క వేయాలి. మా ఆవిడ ముందు సీటును వెనక్కి తిప్పుకుని, ఇచ్చిన మాట ప్రకారం కాలు మీద కాలేసుకుని, టీ తాగుతూ కూర్చుంది.

"ఏమండీ, ఆ మూల వంకరగా ఉంది."

"ఏ మూల?"

"మీరు కూర్చున్న మూల."

"నేను కూర్చోని మూల ఏదో చెప్పు, అక్కడికి జరుగుతా."

"అలా ఏదీ కనబడ్డం లేదండీ."

నేను సన్నటి మనిషిని కాను. ఆ సంగతి ఆవిడ అన్నట్టూ ఉంది, అననట్టూ ఉంది.

ఇక డూవే, అంటే లోపల దూదో ఈకలో కూరిన మందపాటి రజాయి. ఈ దేశంలో పూర్వం షీటు మీద షీటు, దానిమీద రెండు మూడు ఉన్ని కంబళ్ళు పరిచి అంచులు పరుపు కిందికి దోపేవారట. టెరెన్స్ కాన్రన్ అనే డిజైనరు 1964లో లండన్‌లో హాబిటాట్ దుకాణం తెరిచి, స్వీడన్‌లో చూసొచ్చిన డూవేని ఇక్కడివాళ్ళకి అలవాటు చేశాడు. పది సెకన్లలో పక్క వేసేయొచ్చని దాన్ని ప్రచారం చేశారు. నిజమే, వేయొచ్చు. తీయడానికి ఎంతసేపో వాళ్ళు చెప్పలేదు. దాని వెచ్చదనాన్ని 'టాగ్' లెక్కన కొలుస్తారు. 1940ల్లో మాంచెస్టర్‌లోని షర్లీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు బట్ట ఎంత వేడిని ఆపుతుందో మామూలు మనుషులకి అర్థం కావాలని పెట్టిన కొలత అది. వేసవికి నాలుగున్నర, చలికాలానికి పదమూడున్నర. కోస్తా జిల్లాల్లో పుట్టినవాణ్ణి, చలి అంటే చెప్పలేని భయం. పదమూడున్నర టాగులది, అదీ డబుల్ సైజు, అంటే రెండు మీటర్లకి రెండు మీటర్లు కొన్నాను. విప్పాక వ్యానులో డూవే ఉంది, మేం లేం.

దాన్ని అణచడానికి పడని పాట్లు లేవు. ముందు వ్యాక్యూమ్ సంచి. ఇంట్లో వ్యాక్యూమ్ క్లీనరు పెట్టి గాలి పీల్చేస్తే డూవే అప్పడమైనంత పల్చబడింది. నేను గర్వంగా ఫోటో కూడా తీశాను. మర్నాడు పొద్దున్న లేక్ డిస్ట్రిక్ట్‌లో తెలిసొచ్చింది, వ్యాక్యూమ్ క్లీనరు రెడింగ్‌లోనే ఉందని. ఆ సంచి మీద నేను కూర్చుని, పొర్లి, చివరికి బోర్లా పడుకుని గాలి తీస్తుంటే పక్క టెంటులోని పెద్దాయన వచ్చి ఒంట్లో ఎలా ఉందని అడిగాడు. తర్వాత చెరో స్లీపింగ్ బ్యాగు. రెండిటికీ జిప్పు ఒకే వైపు ఉండటంతో ఒకదానికొకటి కలవలేదు. జత కలవాలంటే ఒకదానికి ఎడమ, రెండోదానికి కుడి జిప్పు ఉండాలి. దుకాణంలో ఈ సంగతి చెప్పిన కుర్రాడితో "మాకు తెలుసులే" అన్నాను. ఆ మీదట మెమరీ ఫోమ్ పరుపు. 1966లో నాసా వాళ్ళు విమానం సీట్ల కోసం చేయించిన పరిశోధనలో పుట్టిన సరుకది. ఒంటి వేడికి మెత్తబడి మన ఆకారం తెచ్చుకుంటుంది. చలికి గట్టిపడుతుంది. నవంబరులో వ్యానులో ఎంత చలి ఉంటుందో నాసాకేం తెలుసు! నడుం ఆనిస్తే చెక్కబల్ల, అర్ధరాత్రికి మెత్తబడి గొయ్యి, పొద్దున్నే ఆ గొయ్యి అలాగే బిగుసుకుని, చుట్టబోతే చుట్టుకోదు.

పెద్ద దిండు గలీబులో డూవేని కుక్కి పగలు సోఫా దిండుగా వాడమని ఇక్కడి అనుభవజ్ఞులు చెబుతారు. అది పనిచేసే ఉపాయమే, కాదనను. కాకపోతే మేం దాన్ని ఆనుకుని కూర్చున్నామా, గడ్డం మోకాళ్ళకి తగిలేది.

అప్పుడు నా బుర్ర కప్పు మీద పడింది. పైకెత్తే కప్పు లోపల మడిచే పలక ఒకటుంటుంది, అది మేడమీది పడక. కప్పు దించినా పల్చటి పక్కబట్టలు అక్కడే ఉంచేయొచ్చు. 'పల్చటి' అన్న మాట నేను పట్టించుకోలేదు. పదమూడున్నర టాగుల్నీ పైకి తోసి, కప్పుకున్న పట్టీ పట్టుకుని వేలాడాను. నా బరువు మొదటిసారి ఒక పనికొచ్చింది. కప్పు కుయ్యిమంటూ దిగింది, గొళ్ళెం పడింది. చుట్టూ గుడ్డ ఎక్కడైనా ఇరుక్కుంటే చిరుగుతుందని అది మాత్రం శ్రద్ధగా చూశాను. ఎం6 మీద ప్రెస్టన్ దాటేవరకూ వెనకనుంచి వచ్చిన ప్రతి లారీవాడూ లైట్లు కొట్టడం, మా ఆవిడ మర్యాదగా చెయ్యూపడం. పెట్రోలు బంకులో దిగి చూస్తే, కప్పు సందులోంచి డూవే కొస ఒకటి మూరెడు బయటికొచ్చి పెళ్ళికొడుకు పంచె చెంగులా గాలికి రెపరెపలాడుతోంది. వాన పడుతోంది కూడా. కొసనుంచి నీళ్ళు పీల్చుకుని లోపల డూవే మొత్తం తడిసింది.

ఆ వేసవిలో అమ్మ వచ్చింది. బండిని చుట్టూ తిరిగి చూసి, "ఒరేయ్, ఇంట్లో మూడు గదులుండగా ఈ డబ్బాలో పడుకోడానికి అంత దూరం వెళ్ళడమేంట్రా?" అంది. దీనికి జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు. అయినా వేల్స్‌కి, ఎరీరి కొండలకి తీసుకెళ్ళాం. కింద అమ్మ, మేడమీద మేమిద్దరం. అమ్మ తనతో బొంత తెచ్చుకుంది. నాలుగు పాత నేత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచులు కలిపి, దగ్గరదగ్గరగా దారం కుట్టు వేసినది. పైన ఉన్న వంకాయరంగు చీర నా చిన్నప్పటిది. పదమూడున్నర టాగులు చేసిన పనే అది అరచెయ్యి మందంలో చేసింది, అమ్మ మీద ఒక ఊలు శాలువా ఉంటేగానీ కాదనుకోండి.

పొద్దున్నే ఎప్పటిలాగే నేను నా కసరత్తు మొదలెట్టాను. అమ్మ కాసేపు చూసి, "జరుగు" అంది.

షీటు తీయలేదు. దాని మీద బొంత, బొంత మీద దిండు అలాగే ఉంచింది. రెండు పక్కలనుంచి అంచులు లోపలికి మడిచింది. దిండున్న వైపు నుంచి మొదలెట్టి, ప్రతి చుట్టుకీ మోకాలితో అదిమి గాలి పోయేదాకా ఆగి, కాళ్ళవైపు దాకా చుట్టుకుంటూ వచ్చి, చీర అంచు పేలికతో రెండు చోట్ల ముడేసింది. అంతే. రాత్రి ముడి విప్పి ఒక్క తోపు తోసింది. షీటు, బొంత, దిండు ఎక్కడివక్కడ పరుచుకున్నాయి.

"ఇదెక్కడ నేర్చుకున్నారత్తయ్యా?" అంది మా ఆవిడ, నావైపు చూడకుండా.

"నేర్చుకునేదేముందమ్మా? మా నాన్నగారితో రైలెక్కితే పక్క చుట్టుకునే హోల్డాలు ఉండేది కదా. పడక విడివిడిగా మడతపెట్టి మళ్ళీ విడివిడిగా పరుస్తూ కూర్చుంటే స్టేషనొచ్చేస్తుంది."

పక్క వేయడం ఒక పని, తీయడం ఒక పని, దాచడం ఒక పని అనుకుని మూడిటికీ మూడు రకాల సామాను కొన్నాను నేను. పొరలు విడదీయకపోతే మూడూ ఒకటే పని. ఎక్సెల్ షీటులో ఎక్కడా రాలేదు ఈ మాట. అవును, ఎక్సెల్ షీటు ఉంది. రంగులతో.

అమ్మ పద్ధతికి అక్కడి వాతావరణం ఒక దెబ్బ కొట్టిన మాట కూడా చెప్పాలి. ముగ్గురు మనుషులు తలుపులు బిగించుకుని రాత్రంతా ఊపిరి వదిలితే ఆ చెమ్మంతా చల్లటి రేకుకీ, అద్దాలకీ తగిలి నీరవుతుంది. పరుపు కింద గాలి ఆడకపోతే అక్కడా చేరి బూజు పడుతుంది. నూలు బొంత ఆ చెమ్మనంతా తాగేసింది. "ఎండలో వేయండ్రా" అంది అమ్మ. వేల్స్‌లో ఎండ ఎక్కడినుంచి తేను? రెడింగ్ వచ్చాక రేడియేటర్ మీద రోజుల తరబడి ఆరబెట్టాం. ఇల్లంతా పాలకొల్లులో మా పెట్టె తెరిచిన వాసన.

అందుకని ఇప్పుడు మా వ్యానులో రెండు చుట్టలుంటాయి, మనిషికొకటి. ఒక్కోదాంట్లో సింగిల్ షీటు, సింథటిక్ దూదితో చేసిన పల్చటి సింగిల్ డూవే, దిండు. ఈకల డూవే చెమ్మ తగిలితే ముద్దైపోతుంది, సింథటిక్‌ది త్వరగా ఆరుతుంది. చుట్టలు సీటు వెనక డిక్కీలో నిలబడి ఉంటాయి, వెనక తలుపు ఎత్తితే చేతికందుతాయి. సీటు కింద అరలో ఇప్పుడు బూట్లు, గొడుగులు, రాత్రి అక్కర్లేనివి. నిద్ర లేవగానే చుట్టకుండా, కాఫీ అయ్యేదాకా పక్కని పరిచే ఉంచి, కిటికీ కాస్త తీసి ఆరనిస్తాం. బొంత పగలు సీటు మీద పరిచి ఉంటుంది. చుట్టేది నేనే. మోకాలు ఆనించి, గాలి పోయేదాకా ఆగి. ఇంట్లో దుప్పటి మాత్రం ఇప్పటికీ మా ఆవిడే మడతపెడుతోంది. ఇచ్చిన మాట వ్యాను వరకేనని నేను వాదించాను. అలాగైతే వంట ఎవరి పనో కూడా వ్యాను వరకు ఇప్పుడే తేల్చుకుందామంది. ఆ చర్చ వాయిదా పడింది.

వ్యాను కొనాలని ఉవ్విళ్ళూరుతున్న తెలుగు మగమహారాజులకి ఒక్క మనవి. ఇంజను, టైర్లు, బండి తనిఖీకి ఇచ్చే ఎమ్మోటీ సర్టిఫికెట్ తర్వాత చూడొచ్చు. ముందు మీ ఇంటి పరుపూ దిండ్లూ చంకనబెట్టుకుని వెళ్ళండి. బండి తలుపు మూసుకుని, లోపల మీరిద్దరే ఉండి, ఒకసారి పక్క వేసి, ఒకసారి తీసి, తీసింది ఎక్కడ పెట్టాలో చూసుకుని అప్పుడు బేరమాడండి. అమ్మేవాడు నవ్వితే నవ్వనివ్వండి.